ఒకే పేరున్న రెండు పుస్తకాలు

నంద్యాల గ్రంథాలయంలో నా ఉద్యోగం పేరు ఇప్పటికీ క్యాటలాగరే. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఒకప్పుడు కొత్త పుస్తకం వస్తే ముందుమాటా నాలుగు పేజీలూ చదివి, అది దేని గురించో తేల్చి, కార్డు రాసి, ఏ బీరువాలో ఉండాలో నేనే చెప్పేదాన్ని. తప్పో ఒప్పో నాది. ఇప్పుడు ఆ వివరాలన్నీ పై ఆఫీసు కంప్యూటర్లోంచి దిగుతాయి. చూడటానికి నాకు అనుమతి ఉంది, దిద్దడానికి లేదు. లేబుళ్లు వస్తే అంటిస్తాను. జిగురు పూయడానికి ఇంత చదువెందుకని మా ఆయన ఎగతాళి చేస్తే ఆ పూట ఆయన కూరలో ఉప్పుండదు.

చాలా ఏళ్ల కిందట ఆళ్లగడ్డ శాఖలో పనిచేస్తున్నప్పుడు, రిటైరైన టీచరు ఒకాయన తను రాసి తనే అచ్చు వేయించుకున్న పుస్తకం తెచ్చి ఇచ్చారు. అది వాళ్లమ్మ జీవితం. ఆమె దొర్నిపాడు వైపు చేలల్లో కలుపు తీసే కూలి. చర్చిలో ఆదివారం బడి పిల్లల వెనక కూర్చుని అక్షరాలు నేర్చుకుంది. బైబిలు చదివి వినిపిస్తే ఊళ్లో ఒక్కరూ నమ్మలేదట, ఎవరో చెప్పింది కంఠతా పట్టిందన్నారట. నాలుగు పేజీలతో ఆపలేక మొత్తం చదివాను, ఏడ్చాను. జీవిత చరిత్రల్లో పెట్టాను. సార్ రాసింది ఆ ఒక్క పుస్తకమే.

నిరుడు పుస్తకాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించారు. మా దగ్గర నుంచి వెళ్లింది పుస్తకాల పేర్లు మాత్రమే. సరిగ్గా అదే పేరుతో బాగా అమ్ముడుపోయిన నవల ఒకటుంది. పేరు కలిసింది కాబట్టి సార్ పుస్తకాన్ని ఆ నవలకే ఇంకో ప్రతిగా కలిపేశారు. రచయిత మారిపోయాడు, విషయం మారిపోయింది. ఇంట్లో ఎవరో ఫోన్లో వెతికి చూపిస్తే సార్ మర్నాడే బస్సెక్కి నంద్యాల వచ్చారు.

"నా పేరు పోతే పోయిందిలే మ్మా. మా యమ్మను నవల జేసినారేందీ?"

"పొరపాటు సార్. మార్పిస్తాను."

"ఆమె సదువుతాదంటే బతికినన్నాళ్లూ ఎవురూ నమ్మల్యా. ఇప్పుడు మనిషే ల్యాకుండా పోతాంది. నువ్వు సదివినావు గదా, నువ్వు జెప్పు వాళ్లకు."

చెప్పాను. పై ఆఫీసుకు ఫోన్ చేస్తే అవతల ఒక కుర్ర గొంతు, "టైటిల్ మ్యాచ్ అయింది కదా మేడం" అంది. నేను పుస్తకం చదివాను నాయనా అన్నాను. చదవడం కాదు మేడం, సిస్టంలో ఆప్షన్ లేదన్నాడు. వాడి మీద అరిచాను. వాడు మాత్రం ఏం చేస్తాడు, వాడి పైన ఇంకొకరు. అట్ట ఫోటో, లోపలి పేజీల ఫోటోలు ఆళ్లగడ్డ నుంచి తెప్పించి పంపాను. కొన్నాళ్లకు నా ఫిర్యాదు పరిష్కారమైందని సందేశం వచ్చింది. ఆత్రంగా తెరిచి చూస్తే నవల నవలగానే ఉంది. మళ్లీ రాశాను. పరిష్కారమైనదాని మీద మళ్లీ ఫిర్యాదు తీసుకోరట. గోడకు చెప్పుకున్నా ఇంతకన్నా నయం. లోపల పెన్సిల్‌తో రాసి పెట్టొచ్చు కదా అంది పక్క సీటావిడ. పుస్తకం తెరిచినవాళ్లకు ఎటూ తెలుస్తుంది. ఆ అమ్మ గురించి వెతికేవాళ్లకు అది దొరకనే దొరకదు, నవల కోసం వచ్చినవాళ్లు ఇదేంటని విసుక్కుని పక్కన పడేస్తారు.

పోయిన నెల ఆళ్లగడ్డ పుస్తకాలకు లేబుళ్లు వచ్చాయి. అంటించడానికి నన్నే పంపారు. సార్ ఆ శాఖకు రోజూ వచ్చే మనిషి, పేపరు చదువుకుంటున్నారు. ఆయన వెళ్లాక చూద్దామని ఆ పుస్తకాన్ని దొంతర అడుగున పెట్టాను. ఆయన పేపరు మడిచి వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు.

"మాదీ వచ్చినాదా?"

దాచడం చేతకాక లేబుల్ ఆయన చేతిలోనే పెట్టాను. ఆ నవలా రచయిత పేరులోని మొదటి అక్షరాలు, నవలల నంబరు. ఆయన దాన్ని వెలుతురుకు తిప్పి చదివారు.

"అంటించకపోతే ఏమైతాది?"

"లెక్కలో లేని పుస్తకమని తీసేస్తారు సార్."

"అయితే అంటించు. ఉండనీ."

పుస్తకాన్ని తనే బల్ల మీద నిలబెట్టి, వెన్ను నా వైపు తిప్పి, రెండు చేతులతో కదలకుండా పట్టుకున్నారు. నేను లేబుల్ వెన్ను మీద ఆనించాను.

"వంకర పోతాంది మ్మా. తీసి సరిగ్గా ఎయ్."

తీసి మళ్లీ అంటించాను. సిగ్గేసింది, కోపమొచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఆయన జిగురు ఆరేదాకా కూర్చుని, "నవలలు యాడ పెడతారు?" అని అడిగారు. కిటికీ పక్క బీరువా చూపించాను. నేను లేవబోతే వద్దని చెయ్యూపి, పుస్తకం తీసుకుని తనే వెళ్లారు. అక్కడ ఆ పేరుతో అసలు నవల అప్పటికే ఉంది. దాన్ని కొంచెం పక్కకు జరిపి, వాళ్లమ్మకు చోటు చేశారు.