నర్సరావుపేటలో రెండడుగుల సముద్రం

ఈ ఉదయం కూలర్ సర్వీసు చేయడానికి మెకానిక్ వచ్చాడు. వచ్చినవాడు కూలర్ దగ్గరికి పోకుండా, ముందు హాల్లో ఉన్న గాజు తొట్టి దగ్గర ఆగి, వంగి చూసి, "రెండూ బాగున్నయ్ మేడం" అన్నాడు. ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ తీశాడు. ఏటా ఇదే వరస. వీధిలో వాళ్లకు అతను కూలర్ మెకానిక్కే గానీ, మా ఇంట్లో మాత్రం డాక్టరు కింద లెక్క. ఎందుకో చెప్పాలంటే ముందు మా అక్క సంగతి చెప్పాలి.

అక్క చీరాల అవతల సముద్రపొడ్డు ఊళ్లో నలభై ఏళ్లు కాపురం చేసింది. బావగారు పోయాక నేనే నర్సరావుపేట తీసుకొచ్చి నా దగ్గర పెట్టుకున్నాను. వచ్చిన దగ్గర్నించీ మంచం దిగదు. రెండు ముద్దలు తిని గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఇదీ బావగారి వెనకే పోతుందేమోనని నాకు ఒకటే భయం. నెల రోజుల్లో అది నోరు తెరిచి అన్నదల్లా ఒక్కటే: "ఏందే ఈ ఊరు, గాలిక్కూడా ఉప్పదనం లేదు." అక్కణ్నించి సముద్రాన్ని మోసుకు రాలేను కదా! ఫోన్లో వీడియోలు చూసి, ఉప్పునీటి చేపల తొట్టి పెట్టి తీరాలని పట్టుబట్టాను. పెన్షన్ మనిషిని, నా తాహతులోనే చేశాను. ఎవరో వాడి వదిలేసిన రెండడుగుల తొట్టి, చేపల కోసమే అమ్మే సముద్రపు ఉప్పు, కాస్త ఇసుక, నాలుగు రాళ్లు, ఎయిర్ మోటర్, నీళ్లలో ఉప్పెంతుందో ముల్లుతో చూపించే చిన్న ప్లాస్టిక్ డబ్బా. వీడియోలో హీటర్ కూడా కొనమన్నారు. ఎండలకు పేరుమోసిన రెంటచింతల ఉన్న జిల్లాలో నీళ్లకు హీటరట! ఆ ఖర్చు తప్పింది.

రాళ్ల మీద మేలు చేసే సూక్ష్మజీవులు పెరిగేదాకా, నెల రోజులు చేపలు వేయకూడదట. పక్కింటి పిన్ని రోజూ వచ్చి ఖాళీ తొట్టిని చూసిపోయి, "టీచరమ్మ నీళ్లను పెంచుకుంటోంది" అని వీధంతా చాటింది. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. విజయవాడ నుంచి తెల్లపట్టీలున్న నారింజ రంగు చేపల జంట వచ్చిన రోజు అక్క మంచం మీద లేచి కూర్చుంది. వారానికల్లా తొట్టి ముందు కుర్చీ వేయించుకుంది. వాటికి మేత వేశాకే తను తినేది, అదీ కడుపునిండా. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గెందుకు.

ఏప్రిల్ ఎండలకు తొట్టిలో నీళ్లు వేడెక్కుతున్నాయంటే, కూలర్ మెకానిక్ తొట్టి పైన చిన్న ఫ్యాన్ బిగించాడు. ఆ గాలికి రోజూ కాస్త నీళ్లు తగ్గేవి. తగ్గినంతా నేను మళ్లీ ఉప్పునీళ్లే కలిపి పోశాను. సముద్రపు చేపలకు సముద్రపు నీళ్లేగా! మూడు వారాలకు చేపలు మేత ముట్టడం మానేసి, అడుగున ఒక మూల చేరి రొప్పడం మొదలుపెట్టాయి. అక్క మేత డబ్బా పక్కన పెట్టేసింది. "నేనున్నచోట ఏదీ బతకదు లేవే" అని మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంది. ఆ కంగారులో మెకానిక్‌కి ఫోన్ చేసి, అంతా నీ ఫ్యాన్ వల్లేనని చెడామడా తిట్టాను కూడా.

అతను వెంటనే వచ్చి, తొట్టి అంచున తెల్లగా పేరుకున్నదాన్ని గోటితో గీకి చూశాడు. "ఏం నీళ్లు పోస్తన్నారు మేడం?" అన్నాడు. చెప్పాను.

"కూలర్ గడ్డికి తెల్లగా పట్టేది ఇట్టాంటిదేగా. నీళ్లు ఆవిరైపోతయ్ గానీ ఉప్పు పోదు. తగ్గినదానికి మంచినీళ్లే పొయ్యాల. మీరు చెప్పిందేగా మేడం, ఏడో తరగతిలో. బోర్డు మీద ఉప్పుమళ్ల బొమ్మ కూడా చానా బాగా గీశారు."

నా మొహం మండ! ముప్పై ఏళ్లు ఆ పాఠం చెప్పిన సైన్సు టీచర్ని నేను. ఆ ముల్లు డబ్బాని మొదటిరోజు ఒక్కసారి చూసి, అంతా నాకే తెలిసినట్టు అటకెక్కించాను. "ఒరేయ్, నా దగ్గర చదివావా? ఇన్నేళ్లుగా వస్తున్నావు, ఒక్కసారైనా చెప్పవేందిరా?" అన్నాను.

"ఏడు తప్పి మానేసినోణ్ణి, ఏమని చెప్పుకోను మేడం" అన్నాడు తలొంచుకుని.

నీళ్లన్నీ ఒక్కసారిగా మారిస్తే చేపలకు ప్రమాదమని, వరసగా మూడు రోజులు దుకాణం వదిలి వచ్చి, పూటకు కాసిని నీళ్లు తోడి, అంతే మినరల్ వాటర్ పోశాడు. మూడో రోజు పెద్ద చేప పైకొచ్చి మేత అందుకుంది. "ఒసేయ్, తింటోందే!" అని కేక వినపడి పరుగెత్తుకొచ్చాను. అక్క తొట్టి పక్కన నిలబడి ఉంది. ఆ పూట తనే వంటింట్లోకి వెళ్లి ముగ్గురికీ కంచాలు పెట్టి, "తినకుండా పోతే ఊరుకోనురోయ్" అని అతన్ని కూర్చోబెట్టింది.

అక్క నాకు దక్కింది. దాన్ని దక్కించిన ఆ చల్లని మనిషికి ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నా నాకు తనివి తీరదు. ఫస్టు వచ్చిన పిల్లల పేర్లు నాకు ఇప్పటికీ నోటికొచ్చు. చిన్నప్పటి అతని మొహం మాత్రం ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. రిటైరైన రోజు, ఇన్నేళ్లు చెప్పిన పాఠాలన్నీ గాలికి పోయాయిలే అనుకుంటూ ఇంటికొచ్చాను. అవి ఎక్కడికీ పోలేదు. ఈ ఊళ్లోనే, ఎవరెవరి దగ్గరో, నాకు తెలియకుండా భద్రంగా ఉన్నాయి.