తోక వేణువు ఆదెప్ప

హిందూపురం ఆదెప్పకు ఒకే ఒక్క పిచ్చి: వేణువుకు తోక పెంచడం. ఉన్న రంధ్రాలే సరిగా పలకవు. తా దూర కంత లేదు, మెడకో డోలన్నట్టు కింద ఇంకో మూరెడు వెదురు అతికించి, వేళ్లు అందవని ఇత్తడి మీటలు బిగించి, మరింత కింది స్వరాలు రప్పిస్తానని ఏళ్ల తరబడి దాని ప్రాణం తీశాడు.

ఆ వేణువుకు వైద్యుడు సైకిల్ షాపు నబీసాబ్. గొడుగు ఊచలతో స్ప్రింగులు చేసి, మీటల కింద ట్యూబు ముక్కలు అతికించేవాడు. ఎండాకాలం రబ్బరు రంధ్రానికి అంటుకునేది, చలికాలం బిగుసుకుని గాలి వదిలేది.

"ఏమప్పా, ఇది ఊదేదా, ఎద్దుల్ని తోలేదా?"

"కింది స్వరం విను నబీసాబ్!"

"యాడుండాది? నాకు పంక్చరే వినిపిస్తాండాది."

"చెవులు కడుక్కోప్పా!"

నబీసాబ్ తప్పేం లేదు. తోక బరువుకు వేణువు కొన వాలిపోయేది, మీటలు టకటకమనేవి, పైస్వరాలకు జలుబు చేసేది. కింది స్వరం మాత్రం ఆదెప్పకు తప్ప ఎవరికీ వినపడేది కాదు.

ఆదెప్ప వేణువు ఊదే భజన బృందంలో పాడేది వీరభద్రయ్య. ముసలితనంతో ఆయన గొంతు నడుమ నడుమ జీరబోయేది. పంతొమ్మిది వందల అరవై రెండులో ధర్మవరం నుంచి భజనకు పిలుపు రాగానే భజన పెద్ద రామాంజినేయులు అందరి ముందూ తేల్చేశాడు.

"ధర్మవరంలో గొంతు తప్పితే ఇంక ఇంట్లోనే కూర్చోవల్ల పెద్దాయనా."

పాట తప్ప వేరే లోకం లేని ఆ మనిషి ముఖం చూసి, వేణువైనా ఆయన పాటను చెడగొట్టకూడదనుకున్నాడు నబీసాబ్.

బయలుదేరే రోజు పొద్దున్నే వేణువుకు కొత్త రబ్బరు వేసి, మీటలకు నూనె పెట్టి, తానే ఊది చూశాడు. ఎక్కడా గాలి పోలేదు. భజనవాళ్లతో తనూ రైలెక్కాడు. పెనుకొండలో ఎక్కినవాళ్లు ఆ తోక తగిలి తిట్టుకుంటూ కూర్చున్నారు.

ధర్మవరంలో పాట పైకి ఎక్కేచోట వీరభద్రయ్య గొంతు తడబడింది. వెంటనే టకటక, తుస్సు! జనం గొల్లుమన్నారు. మళ్లీ గొంతు జారింది, మళ్లీ టకటక, తుస్సు! భజన ముగిసేసరికి ఆదెప్పను తిట్టనివాడు లేడు.

"ఆ దరిద్రపు గొట్టం లేకుంటే పాట ఇంకెంత బాగుండునో!" అని రామాంజినేయులు మండిపడ్డాడు. "పెద్దాయనా, వచ్చే వారమూ నువ్వే పాడల్ల."

తిరుగు రైల్లో నబీసాబ్ మెల్లగా అడిగాడు. "పొద్దున గాలి పోలేదు కదప్పా. ఆయప్ప గొంతు తప్పినప్పుడే ఎట్ల తుస్సుమనె?"

ఆదెప్ప కిటికీలోంచి బయటికి చూశాడు. "నన్నూ గొట్టాన్నీ తిడితే ఏమైతాది? ఆయప్పకు ఉండేది పాటొకటే గదా."

నబీసాబ్‌కు ఆ పిచ్చోడి మీద పట్టలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. తర్వాతి భజన రోజు ఆదెప్ప షాపుకు వచ్చేసరికి, స్క్రూ డ్రైవరు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"చెప్పప్పా, ఈసారి ఏ మీట వదులు చేయల్ల?"