పేరు చెప్పని మనవి

సహోదరీలారా, సహోదరులారా, ఒక కాలంలో నేను అవనిగడ్డ బస్టాండులో కూర్చుని, కోడూరు బస్సు వచ్చి వెళ్ళిపోతున్నా ఎక్కలేక అలాగే చూస్తూ ఉండిపోయేదాన్ని. ఒంట్లో జబ్బేమీ లేదని బందరు డాక్టరుగారు తేల్చేశారు, అయినా అన్నం సయించేది కాదు, నిద్ర పట్టేది కాదు, అన్నిటికన్నా ఘోరం ఏమిటంటే మోకరిస్తే ఒక్క మాట వచ్చేది కాదు. పాస్టరుగారి కూతురిని, ప్రార్థన చేయలేనిదాన్నయ్యాను! అందులోనుంచి దేవుడు నన్ను ఎలా లేవనెత్తాడో ఈరోజు చెప్పుకోనివ్వండి.

అవి తొంభైల చివరి సంవత్సరాలు. పిల్లల రక్షణ కోసం పనిచేసే ఒక సంస్థలో పరిశోధన నా ఉద్యోగం. తుఫానుకు దెబ్బతిన్న పల్లెలకు వెళ్ళి, బడి మానేసిన పిల్లలు ఏ పనుల్లో ఉన్నారో, వాళ్ళను ఎవరు ఎక్కడికి తీసుకెళ్తున్నారో తెలుసుకుని, ఆపదలో ఉన్నవాళ్ళ సంగతి అధికారులకు చెప్పాలి. పిల్లలు నమ్మి చెప్పిన మాట ఆ అధికారులకు తప్ప ఇంకెవరి చెవినా వేయకూడదని మాకు కట్టుబాటు. మంచి కట్టుబాటే, ఈరోజుకీ నేను దాన్ని తప్పుపట్టను. కాని మన సంఘాల సంగతి మీకు తెలుసు కదా, ప్రార్థన మనవి అంటే పేరు చెప్పాలి, ఊరు చెప్పాలి, ఎవరి తాలూకో చెప్పాలి, లేకపోతే మన ఆడవాళ్ళకు మోకాళ్ళు వంగవు! అందుకని నేను ఏ మనవీ చెప్పడం మానేశాను, చివరికి నా గదిలో ఒంటరిగా ఉన్నా ఆ పిల్లల పేర్లు నా నోటికి రాలేదు.

కోడూరు దగ్గర ఒక పల్లెలో ఒక ఆడపిల్ల ఉండేది. తనను ఎవరో కూలీల మేస్త్రీ వేరే రాష్ట్రంలో రొయ్యలు వలిచే షెడ్డుకు తీసుకెళ్తున్నాడని, నాన్న మాట ఇచ్చేశాడని, తనకేమో బడికి వెళ్ళాలని ఉందని నాతో చెప్పుకుని ఏడ్చింది. నేను అధికారిగారికి చెప్పాను, ఆయన నన్ను వెంటపెట్టుకుని జీపులో వచ్చి అడిగారు, గుడివాడలో పిన్ని ఇంటికి పంపుతున్నామండీ అని తల్లీ తండ్రీ ఒకే మాట మీద నిలబడ్డారు, ఆయన వాళ్ళిచ్చిన మజ్జిగ తాగి వెళ్ళిపోయారు. పిల్ల తలుపు చాటునుంచి నా వంక చూసింది. సోమవారం ప్రయాణమని నాకు తెలుసు. ఇక నా చేతిలో ఏమీ లేదనిపించి, ఆ వైపు వెళ్ళే బస్సు కూడా ఎక్కలేకపోయాను.

ఆ శుక్రవారం అవనిగడ్డలో ఉపవాస ప్రార్థనకు మా ఇంటి ఓనరు రూతమ్మగారు నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళారు. మనవులు చెప్పే సమయంలో అక్కడి పాస్టరమ్మగారు నన్ను లేపారు. ఒక బిడ్డ ఉందండీ, అని మాత్రం అనగలిగాను. ఎవరి బిడ్డ, ఏ ఊరమ్మా అని నాలుగు వైపులనుంచీ అడిగారు. చెప్పలేనండీ అని కూర్చుండిపోయాను. అప్పుడు, నా ఉద్యోగం ఎలాంటిదో తెలిసిన రూతమ్మగారు నా తల మీద చెయ్యి వేసి ప్రార్థించారు.

"తండ్రీ, ఈ పిల్ల గొంతులో ఒక బిడ్డ పేరు అడ్డం పడి ఉంది. మాకు తెలియక్కర్లేదయ్యా, నీకు తెలుసు, అది చాలు. ఆ బిడ్డను కన్నతల్లి దగ్గరే ఉంచు నాయనా."

అందరూ ఆమెన్ అన్నారు, నాకు ఎన్నాళ్ళకో ఏడుపు వచ్చింది. ఇంతలో గుమ్మం దగ్గరనుంచి ఒక ఆడమనిషి గొంతు వినబడింది. తిరిగి చూస్తే ఆ పిల్ల తల్లి! మనసు నెమ్మదించక, పక్కింటావిడతో కలిసి మొదటిసారి ప్రార్థనకు వచ్చిందట, నేను చూసుకోనే లేదు.

"ఆ పేరు నేను చెప్తానండీ, అది నా కూతురే. ఈ మేడంగారికి అబద్ధం చెప్పానండీ, గుడివాడలో మాకు ఎవరూ లేరు. దాన్ని పంపేసి నేను ఉండలేను."

అని, అందరి ముందూ కూతురి పేరు చెప్పింది. నేను పెదవి విప్పలేదు సహోదరులారా, చెప్పే హక్కున్న మనిషినే దేవుడు లేపాడు!

మర్నాడు ఆడవాళ్ళందరం ఆటోల్లో ఆమె ఇంటికి వెళ్ళాం. తండ్రి ముందు ఇచ్చిన మాట ఎలా తప్పమంటారన్నాడు, చివరికి ఉండనివ్వండిలే అన్నాడు. అధికారిగారు మళ్ళీ వచ్చారు, ఈసారి తల్లే ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పింది, మేస్త్రీ ఆ పల్లె ఛాయలకు రాలేదు. సోమవారం ఆ పిల్ల బడికి వెళ్ళింది.

నాకు నిద్ర ఒక్కసారిగా రాలేదు, మెల్లమెల్లగా వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు అదే పని చేశాను, పాలకాయతిప్ప వైపు సముద్రం పొంగినప్పుడు కూడా పిల్లల మధ్యే ఉన్నాను, మా ప్రార్థనలో ఎవరైనా లేచి ఊరికే నిలబడితే ఎవరూ ఏమీ అడగకుండా మోకరించడం అలవాటైపోయింది.

ఆ పిల్ల ఇప్పుడు పెడనలో టీచరు. నీ సంగతి సాక్ష్యంలో చెప్పనా అని అడిగితే, చెప్పండి అక్కయ్యగారూ, పేరు మాత్రం వద్దు అంది. కాబట్టి ఎంత బతిమాలినా చెప్పను! ప్రియులారా, మీలో ఎవరికైనా పైకి చెప్పుకోలేని భారం ఉంటే, చెప్పకండి, వచ్చి మా పక్కన కూర్చోండి. ఆయన విన్నాడు, వింటాడు. మహిమంతా ఆయనకే.