సుగుణక్క భయమే మాకు రక్ష

కరీంనగర్ ఆసుపత్రిలో సుగుణక్క తుదిశ్వాస విడిచిందన్న వార్త మొన్న ఉదయం మా గని ఆఫీసుకు చేరింది. గుండెపోటట. చెప్పిన మనిషి రెండోసారి చెప్పినా నా చెవికెక్కలేదు. దుఃఖం తరువాత వచ్చింది. ముందు వచ్చింది భయం. శ్రీరాంపూర్ బొగ్గుగనుల్లో గాలి ప్రసరణ చూసేవాణ్ణి నేను. ఇన్నేళ్ళుగా భూగర్భంలోకి దిగి ప్రాణాలతో పైకి వస్తున్నానంటే అందులో ఆమె పాలెంతో నాకు తెలుసు.

హుస్నాబాద్ దగ్గర వ్యవసాయ కుటుంబంలో పుట్టిన సుగుణక్క మా కంప్యూటర్ విభాగంలో చేరిన తొలి మహిళ. గనిలో ఏ దారిన ఎంత గాలి ఏ వైపు పోతుందో లెక్కగట్టే ప్రోగ్రాము ఒకటి అక్కడ ఉండేది. దాన్ని రాసినాయన ఎప్పుడో వెళ్ళిపోయాడు. అది నడిచే పాత కంప్యూటర్‌కు అవసానదశ వచ్చింది. అప్పుడు అక్క, ఆ పాత యంత్రం ఎలా నడుచుకునేదో అచ్చం అలాగే నడుచుకునే ఎమ్యులేటర్ అనే ప్రోగ్రామును, డాస్ వ్యవస్థతో నడిచే కంప్యూటర్‌లో రాసింది. ప్రోగ్రాముకు తన యంత్రం పోయిన సంగతే తెలియలేదు.

తొంభైల నడుమ యూనిక్స్ మీద నడిచే కొత్త కంప్యూటర్ వచ్చింది. దానికి బాసర కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. ఎమ్యులేటర్‌ను అందులోకి మార్చమన్నారు. ఒక డబ్బాలోని బియ్యం ఇంకో డబ్బాలో పోసినంత పని అనుకున్నాం మేమంతా. కానీ రెండు వ్యవస్థల్లో అంకెలు దాచే వరుస వేరు, ఫైళ్ళు చదివే పద్ధతి వేరు. డాస్‌లో యంత్రాన్ని నేరుగా తాకి చేసిన పనులను యూనిక్స్ చేయనివ్వదు. నెలల తరబడి ఒక్కో చిక్కునూ విప్పుతూ పోయింది అక్క.

"ప్రోగ్రాము ఆగిపోతే నాకు భయం లేదు తమ్మీ. ఆగకుండ తప్పు చెప్తేనే భయం" అనేది.

చివరకు పాత లెక్కలన్నీ కొత్తదాంట్లోనూ సరిపోయాయి. ఇక డాస్ కంప్యూటర్‌ను తీసేయమన్నారు మేనేజరు. పెద్దల ముందు గొంతు సన్నబడే మనిషి అక్క. అయినా తనకింకా ధైర్యం రాలేదని, జర ఆగమని బతిమాలింది. ఆయన నవ్వి, దాన్ని ఉండనిచ్చారు.

తరువాత కొన్నాళ్ళకు ఒక గనిలో కొత్త భాగం తెరిచాం. గాలిని అటు మళ్ళించడానికి గని దారిలోని ఒక తలుపు మూయాలి. మూస్తే మంచిగాలి లోపలికి పోతుందని కొత్త కంప్యూటర్ చెప్పింది. పొద్దున మూశాం. మధ్యాహ్నం షిఫ్టు కార్మికులు తలలకు దీపాలు తగిలించుకొని దిగడానికి సిద్ధంగా ఉండగా ఆఫీసులో ఫోన్ మోగింది.

"తమ్మీ, మనుషులు లోపటికి పోయిన్రా?"

ఇంకా లేదన్నాను.

"పోనియ్యకు. పాత డాస్ దాంట్ల గూడ గదే లెక్క ఏసి చూసిన. గాలి ఎనుకకు మల్లుతదని చెప్తుంది. ఏది నిజమో నాకు ఎర్కలేదు."

దిగబోతున్నవాళ్ళను ఆపమని కేకేశాను. గాలి వెనక్కి మళ్ళితే, బొగ్గు తీసి వదిలేసిన పాత చోట్లలో పేరుకున్న మండే వాయువు మనుషుల మీదికి వస్తుంది. నిప్పురవ్వ చాలు.

ఆడవాళ్ళు గనిలోకి దిగడానికి అప్పట్లో చట్టం ఒప్పుకొనేది కాదు. నేను, గని లోపల భద్రత చూసే సర్దార్ మల్లయ్య దిగాం. కొత్త భాగం మొగదల నిలబడి మల్లయ్య, గాలి ఎటు పోతుందో చూపే చిన్న పొగ గొట్టాన్ని నొక్కాడు. తెల్లటి పొగ క్షణకాలం నిలిచి, మా ముఖాల మీదికి వచ్చింది. చేతిలోని రక్షణ దీపం మంట మీద ఆ వాయువు ఉందనడానికి గుర్తుగా పలుచని నీలిరంగు లేచింది. మల్లయ్య నా మోచేయి గట్టిగా పట్టుకున్నాడు.

"సార్, మల్లుదాం" అన్నాడు మెల్లగా.

పరుగెత్తాలని ఉన్నా ముందు తలుపు దగ్గరికి పోయాం. తలుపు తెరిచి గాలిని పాత దారికి మళ్ళించి పైకి వచ్చేసరికి, ఎవరి స్కూటర్ మీదనో వచ్చిన అక్క అక్కడ నిలబడి ఉంది. నా ముఖం చూసింది. గాలి ఎటు వచ్చిందని అడిగింది. చెప్పగానే నేల మీద కూలబడింది.

ఆ తరువాత తప్పు దొరికింది. గాలి వెనక్కి పోతుందనే గుర్తును పాత యంత్రం సున్నా కన్నా తక్కువ అంకెగా దాచేది. కొత్త వ్యవస్థ ఒక అరుదైన ఆదేశంలో మాత్రం దాన్ని సున్నా కన్నా పెద్ద అంకెగా చదివి, ముందుకే అనుకుంది. మేము సరిచూసిన పాత లెక్కల్లో గాలి ఎక్కడా వెనక్కి మళ్ళలేదు గనుక ఆ తప్పు దాగిపోయింది. ఎమ్యులేటర్‌లో ఒక్క వాక్యం మారిస్తే సరిపోయింది. అక్కకు మాత్రం నెమ్మది కలగలేదు. చాలాకాలం ప్రతి లెక్కనూ రెండు యంత్రాల్లోనూ వేసి చూసేది. ఇంకా ఫికర్ ఎందుకని అడిగితే, "దొరికిన తప్పుకు ఎవలు భయపడ్తరు తమ్మీ" అంది.

ఇప్పుడు ఆ ప్రోగ్రామును మరో వ్యవస్థకు మార్చాలంటున్నారు. కొత్త ఇంజినీర్లు మేధావులు, చురుకైనవాళ్ళు. వారంలో అయిపోతుందంటున్నారు. వాళ్ళ ముఖాల్లో ఎక్కడా భయం లేదు. అది చూస్తే నాకు భయమేస్తోంది.

ఎన్నడూ చూడని చీకటి దారుల్లో, ముఖమైనా ఎరుగని మనుషుల ఊపిరి కోసం తల్లడిల్లిన ఆ పుణ్యమూర్తికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. ఆమె కుర్చీలో రేపు మరొకరు కూర్చుంటారు. ఆ తల్లడం ఎక్కణ్ణుంచి తెస్తారు?