ఏడిళ్ళ బియ్యం

ప్లేన్ మాన్యెన్‌లో నూకయ్య ఎవరని అడిగితే "ఆ సైకిలాయనా, పాపం మంచివాడు" అంటారు. మంచివాడే, ఎవరు కాదన్నారు? ఒకరి జోలికి పోయిన మనిషి కాదు, ఒకరి చేత మాట పడిన మనిషీ కాదు. కాని అలాంటి మంచివాడే, ఊరు ఊరంతా ఏళ్ళ తరబడి తప్పుగా చెప్పుకుంటున్న పని ఒకటి చేశాడు. అదేమిటో ఇక్కడ ఉన్నదున్నట్టు చెప్పాలి.

తాత కోరంగి రేవులో ఓడెక్కి వచ్చి ఈ దీవిలో చెరకు నరికాడు. తండ్రీ నరికాడు. నూకయ్య కూడా నరికేవాడే గాని, పెద్ద యుద్ధం రోజుల్లో ఊరి పక్కన చెరకంతా పీకేసి విమానాలు దిగడానికి నేల చదును చేస్తుంటే రాళ్ళు మోయడానికి వెళ్ళాడు. యుద్ధం అయ్యాక అక్కడే గడ్డి కోసే ఉద్యోగం దొరికింది. ఇరవై యేళ్ళకు పైగా తలమీదుగా విమానాలు ఎక్కడెక్కడికో పోతుంటే ఈయన కింద వంగి గడ్డి కోశాడు. ఉన్న దీవినే సరిగ్గా చూడలేదు. రాజధాని పోర్ లూయీకి బతుకులో మూడుసార్లు వెళ్ళి ఉంటాడేమో, అదీ కాయితాల పని మీద.

ఆ సైకిలు ఒక ఇంగ్లీషు సైనికుడు తన దేశం వెళ్ళిపోతూ ఇచ్చేసింది. బరువైన నల్ల సైకిలు. సోమవారం మహేబూర్ సంతకు దాని వెనక భార్య అమ్మాయమ్మను కూర్చోబెట్టుకుని వెళ్ళేవాడు. ఆవిడ ఒళ్ళో కూరల సంచి పెట్టుకుని, వెళ్ళినంత దూరం, వచ్చినంత దూరం, ఆయనకు సైకిలు తొక్కడం నేర్పుతూనే ఉండేది. అటు తిప్పు, ఇటు గుంట ఉంది, ఆ లారీవాడికి దారి ఇవ్వు. పిల్లలు లేరు. ఇద్దరికీ ఒకరి సణుగుడు ఒకరికి అలవాటైపోయింది.

అరవై ఏడులో, ఎన్నికలు ముగిసి గోడల మీద రంగు రాతలు ఇంకా ఆరకముందే, అమ్మాయమ్మ మంచం పట్టింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆసుపత్రిలో రెండుసార్లు తీశారు, మూడోసారి ఇంటికి తీసుకెళ్ళి చూసుకోమన్నారు. ఆ మాటకు అర్థమేమిటో నూకయ్యకు తెలుసు. తెలియనట్టు బయటికొచ్చి, బాగానే ఉన్న సైకిలు గొలుసు ఊడదీసి మళ్ళీ బిగించాడు. ఇంట్లో ఆవిడ ఊపిరి చప్పుడు ఆయన భరించలేకపోయాడు. లోపల పది నిమిషాలు కూర్చుంటే బయట గంట సేపు ఏదో పని వెతుక్కునేవాడు. పక్కింటి మోనిక్, మన తెలుగు మనిషి కాదు, క్రియోలు ఆవిడ, వచ్చి మంచం దగ్గర కూర్చునేది.

చివరికి గుడి పూజారి రామదాసు దగ్గరికి వెళ్ళాడు. రామదాసు పాత మొక్కు ఒకటి చెప్పాడు. మెడలో జోలె వేసుకుని, చుట్టాలు కాని ఏడిళ్ళ ముందు నిలబడి, ఇంటికో దోసెడు బియ్యం అడుక్కుని, ఆ బియ్యం వండి సింహాద్రి అప్పన్నకు నైవేద్యం పెట్టాలి. ఏడిళ్ళు చాలు, మన వీధిలోనే ఉన్నాయి, రేపు పొద్దున బయల్దేరితే పదకొండింటికి అయిపోతుంది అని ఆయన స్పష్టంగా చెప్పాడు. ఇది గుర్తుంచుకోవాలి. పూజారి మీద తప్పు లేదు.

నూకయ్యకు ఏడిళ్ళు చాలలేదు. ఇంటికొచ్చి, దీవి చుట్టూ సైకిలు మీద తిరిగి, ఊరూరా బియ్యం ఎత్తుకొస్తానన్నాడు. చేతి డబ్బు ఖర్చు పెట్టకూడదు, తెలిసిన ఇంట పడుకోకూడదు, పెట్టింది తినాలి, మధ్యలో వెనక్కి తిరగకూడదు. ఈ నియమాలన్నీ ఆయనే కల్పించుకున్నాడు, అప్పన్న అడగలేదు.

అమ్మాయమ్మ దిండుకు ఆనుకుని విన్నది. ఊపిరి అందినప్పుడల్లా ఒక్కో మాట అన్నది.

"ఏడిళ్ళు చాలన్నారు గదా. ఎత్తుకుని మధ్యాహ్నానికి వచ్చెయ్. నా పక్కన కూర్చో."

"నీది పెద్ద జబ్బు. ఏడిళ్ళ బియ్యానికి దేవుడు లేస్తాడా?"

ఆయన ఎందుకు పోతున్నాడో ఆవిడకు అర్థమైంది. ముప్పై యేళ్ళు కాపురం చేసింది, ఆ మాత్రం తెలియదా? "పోయిరా" అని మాత్రం అన్నది.

ఆ మాట గురించి కొంచెం చెప్పాలి. మన వాళ్ళకు ఈ దీవిలో తెలుగు కరిగిపోయింది. పొద్దున లేస్తే ఇక్కడి భాష క్రియోలు, పడుకోబోతే క్రియోలు. అయినా గుమ్మం దాటే మనిషికి "పోయిరా" అనడం మాత్రం పోలేదు. తెలుగు ముక్క రాని పిల్లలు కూడా అంటారు. ఒక్క చావు మైలలో ఉన్న మనిషికి మాత్రం ఆ మాట అనరు. అలాంటివాడు లేచి వెళుతుంటే తల దించుకుని ఊరుకుంటారు.

శుక్రవారం పొద్దున బయల్దేరాడు. మహేబూర్ దాటి సముద్రం పక్కనే ఉత్తరంగా తొక్కాడు. వెనక నుంచి గాలి తోస్తోంది. ఏం చెప్పమంటారు, మంచంలో భార్యను వదిలి వచ్చిన మనిషికి ఆ మొదటి రోజు హాయిగా అనిపించింది. ఊపిరి చప్పుడు వినపడడం లేదు. ఆ హాయికి తనను తాను తిట్టుకుంటూ మరీ తొక్కాడు.

జనం ఆయన్ను కడుపులో పెట్టుకున్నారు. టైరు పగిలితే చీనా దుకాణం ముసలాయన తన చేత్తో అతుకు వేసి, పైగా రొట్టె ఇచ్చి పంపాడు. బెల్ ఎయిర్ రివియేర్ సెష్‌లో గౌరీదేవి అనే వితంతువు వసారాలో చాప వేసి, పొద్దున్నే ఆయన చొక్కా ఉతికి ఆరేసి ఉంచింది. ఎవరికోసం మొక్కు అని అడిగింది. చెప్పాడు. దోసెడు బియ్యం జోలెలో పోసి, సైకిలు హ్యాండిలుకు కుంకుమ బొట్టు పెట్టి, "పోయిరా నాయనా, ఆవిడ లేచి కూర్చుంటుంది" అన్నది. ఊరూరా అంతే. జోలె నిండితే గోనె సంచిలో పోసుకున్నాడు. ఫ్లాక్ దాటాడు, గుడ్‌లాండ్స్ దాటాడు. ఇంతమంది నోటి మాట ఊరికే పోదని నమ్మకం కూడా కలిగింది. పాపం, మూడు రోజులు నిజంగానే నమ్మాడు.

నాలుగో రోజు సోమవారం. ఆ మధ్యాహ్నం రెండు గంటలకు అమ్మాయమ్మ పోయింది. పక్కన మోనిక్ ఉంది. రామదాసు వెంటనే పోర్ లూయీకి మనిషిని పంపించి రేడియోలో చావు కబురు చెప్పించాడు. ఈ దీవిలో ఎవరు పోయినా సాయంత్రం రేడియోలో చెబుతారు, జనం చెవులు రిక్కించి వింటారు. పేరు, ఊరు చెప్పాక ఇంకో మాట కూడా చేర్పించాడు: ఆవిడ భర్త సైకిలు మీద మొక్కు బియ్యం ఎత్తుతూ తిరుగుతున్నాడు, ఎవరికి కనిపించినా చెప్పి పంపండి, రేపు సాయంత్రం నాలుగింటి దాకా ఆగుతాం.

ఆ సాయంత్రం నూకయ్య పాంప్లెమూస్‌లో ఉన్నాడు. పిల్లలకు తెలుగు నేర్పే నారాయణస్వామి మాస్టారు రోడ్డు మీద చూసి, బతిమాలి ఇంటికి తీసుకెళ్ళాడు. నూకయ్య పెరట్లో కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. ముందు గదిలో రేడియో చదువుతోంది. "ప్లేన్ మాన్యెన్" అని వినపడింది. తర్వాత ఏదో పేరు మొదలైంది, టక్కున రేడియో ఆగిపోయింది. ఎవరో ఆపేశారు.

నూకయ్య కాళ్ళ మీద నీళ్ళు పడుతూనే ఉన్నాయి. కుళాయి కట్టలేదు.

లోపలికి వెళ్ళేసరికి మాస్టారు, ఆయన భార్య కళ్ళు కలపకుండా వడ్డన మొదలుపెట్టారు. పప్పు, వేపుడు, పాయసం. ముక్కూ మొహం తెలియని బైరాగికి పాయసం ఎందుకు? మాస్టారు ఏదో అనబోయి మజ్జిగ వేసుకోమన్నాడు. ఆ మంచి మనిషికి నోరు రాలేదు. అన్నం ముందు కూర్చున్నవాడికి ఎలా చెబుతాం, తినేశాక చెబుదాం అనుకున్నాడు. తిన్నాక, అలసిపోయాడు గదా, పొద్దున చెబుదాం అనుకున్నాడు. పొద్దున ఆయన భార్య ఒకటి కాదు, మూడు దోసిళ్ళ బియ్యం పోసింది. కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళింది. హ్యాండిలుకు బొట్టు పెట్టలేదు. "పోయిరా" అనలేదు.

రోడ్డు మలుపులో పోర్ లూయీ బస్సు నిలబడి ఉంది. అదెక్కి పోర్ లూయీలో దిగి మహేబూర్ బస్సెక్కితే మధ్యాహ్నానికి ఇల్లు. సైకిలు మాస్టారింట్లో వదిలేయొచ్చు, బస్సు మనిషిని బతిమాలుకోవచ్చు. నూకయ్య ఆ బస్సును చూస్తూ నిలబడ్డాడు. అది కదిలింది. ఆయన సైకిలెక్కి పడమటి దారి పట్టాడు.

ఎందుకలా చేశాడంటే, చెప్పడానికి పెద్ద కారణమేమీ లేదు. ఎవరూ చెప్పలేదు గనక నిజం కాదనుకున్నాడు. రేడియోలో విన్నది ఇంకెవరి పేరో కావచ్చు. మొక్కు సగంలో ఆపితే, ఉన్న ప్రాణం కూడా తన చేతులారా పోతుందేమో. ఇలా ఒకదాని వెనక ఒకటి పేర్చుకున్నాడు. వాటన్నిటి అడుగున ఒకటే మాట ఉంది, ఆ ఇంటికి పోవాలంటే భయం. ఆవిడ బతికుండగా ఏ భయంతో వచ్చాడో అదే భయం.

మంగళవారమంతా అడుక్కుంటూనే తిరిగాడు. ప్రతి గుమ్మంలోనూ ఆయన్ను గుర్తుపట్టారు. ఎక్కడా దోసెడుతో ఆపలేదు, చాటలతో తెచ్చి పోశారు. ఒక్కరూ "పోయిరా" అనలేదు. నాలుగు గంటలవేళ సముద్రం ఒడ్డున ఒక చెట్టు కింద సైకిలు ఆనించి, ఎండ దిగేదాకా కదలకుండా కూర్చున్నాడు.

బుధవారం రివియేర్ న్వార్‌లో రోజర్ అనే జాలరి వల బాగుచేసుకుంటూ, గోనె సంచి సైకిలును చూసి లేచొచ్చాడు. క్రియోలు మనిషి, మన మర్యాదలు, మొహమాటాలు ఆయనకు తెలియవు. సూటిగా అడిగాడు.

"రేడియోలో చెప్పింది నీ గురించే గదా? నీ భార్య పోయి మూడో రోజు. ఇంకా ఇక్కడేం చేస్తున్నావు? నీకెవరూ చెప్పలేదా?"

నూకయ్య సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. "తెలుసు" అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"సోమవారం సాయంత్రం నుంచి."

రోజర్ చేపల లారీ ఎక్కిస్తానన్నాడు. నూకయ్య వద్దన్నాడు. అక్కణ్ణుంచి దక్షిణపు ఒడ్డు వెంట గాలి మొహాన కొడుతుంటే, మణుగు పైన బియ్యం వెనక వేసుకుని, తొక్కిన దూరం తొక్కి, తోసిన దూరం తోసి, గురువారం మధ్యాహ్నం ఇల్లు చేరాడు. మంచం తీసి బయట గోడకు నిలబెట్టి ఉంది.

మోనిక్ అన్నీ చెప్పింది. నాలుగింటి దాకా ఆగారట. ఆపైన ఇంకో అరగంట ఆగారట. రోడ్డు మీద సైకిలు గంట మోగినప్పుడల్లా అమ్మాయమ్మ తమ్ముడు మల్లయ్య బయటికి పరుగెత్తాడట. చివరికి తలకొరివి అతనే పెట్టాడు. పోయే ముందు రోజుల్లో అమ్మాయమ్మ పొద్దుగూకితే ఒకటే అడిగేదట: ఇవాళ ఎందాకా వెళ్ళి ఉంటాడు? మోనిక్ మహేబూర్ దాటి ఎరగదు. నోటికొచ్చిన ఊరి పేరల్లా చెప్పేదట. ఆవిడ ఆ ఊరికి దారి గతుకులేమోనని దిగులు పడేదట.

ఆ బియ్యం దేవుడికి పనికిరాదన్నాడు రామదాసు. చావుకు ముందు ఎత్తింది, తర్వాత ఎత్తింది కలిసిపోయింది. పన్నెండో రోజు భోజనాలకు అదే వండారు. ఊరంతా తిన్నా ఇంకా మిగిలింది.

తింటూనే ఊరంతా ఒక్కటై ఆ దారిలో వాళ్ళను తిట్టారు. అన్నం పెట్టడానికి చేతులొచ్చాయి గాని ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా, అంతమందిలో ఒక్కడు గుండె రాయి చేసుకుని చెప్పి ఉంటే పెళ్ళాం మొహం చూసుకునేవాడు గదా అని. నూకయ్య ఆకు ముందు తల వంచుకుని విన్నాడు. చావు కబురుకు ముందే చొక్కా ఉతికిపెట్టి పంపిన గౌరీదేవిని కూడా కలిపి తిట్టారు, మాస్టారిని పేరుపెట్టి తిట్టారు. వాళ్ళ తప్పు కాదు, నాకు తెలుసు అని ఒక్క మాటంటే సరిపోయేది. అనలేదు. ఆ రోజు అనలేదు, తర్వాత కూడా అనలేదు. ఊరు ఇప్పటికీ అలాగే చెప్పుకుంటుంది.

మళ్ళీ సైకిలెక్కలేదు. పనికి నడిచే వెళ్ళేవాడు.

మరుసటి సంవత్సరం మార్చి పన్నెండున దేశానికి స్వతంత్రం వచ్చింది. పోర్ లూయీలో మధ్యాహ్నం సరిగ్గా పన్నెండు గంటలకు ఇంగ్లీషువాళ్ళ జెండా దించి కొత్త జెండా ఎక్కిస్తారన్నారు. వెళ్ళగలిగినవాళ్ళు వెళ్ళారు, మిగిలినవాళ్ళు రేడియోల ముందు చేరారు. నూకయ్యకు ఆ రోజు సెలవు. పొద్దున స్నానం చేసి, పాత జోలె మెడలో వేసుకుని వీధిలోకి వచ్చాడు. మొదటి ఇంటి ముందు నిలబడ్డాడు. వాళ్ళు వింతగా చూసి దోసెడు బియ్యం పోశారు, "పోయిరా" అన్నారు. రెండో ఇల్లు, మూడో ఇల్లు. తొందరపడలేదు. ఒక ఇంట్లో కాఫీ ఇస్తే కూర్చుని తాగాడు కూడా. ఏడో ఇల్లు మోనిక్‌ది. ఆవిడ దోసిట్లో బియ్యంతో ఆగిపోయి, ఇప్పుడు ఎవరికోసం ఈ మొక్కు అని అడిగింది.

"ఎవరికోసమూ కాదు. ఎంతసేపు పడుతుందో చూద్దామని" అన్నాడు.

ఇంటికొచ్చి జోలె దించి, అమ్మాయమ్మ మంచం ఉన్న చోట కింద కూర్చున్నాడు. ఇళ్ళన్నిట్లోనూ రేడియోలు మోగుతున్నాయి. జెండా ఎక్కడానికి ఇంకా గంట పైనే ఉంది.