ఒకే బెంచీ మీద నగరం

సౌదీలో, హుఫూఫ్‌లోని మా ఇండియన్ స్కూల్లో ఆవిడ సోషల్ టీచర్. కడప మనిషి. పక్క గదిలో నేను లెక్కలు చెప్పేదాన్ని.

నగరాలు ఎలా ఇరుకవుతాయో చెప్పే రోజున ఆవిడ క్లాసు మొత్తాన్నీ ముందు బెంచీ మీదికి పిలిచేది. ఒక్క నీళ్ళ సీసా ఇచ్చి అందరూ తాగమనేది; సగం మందికి చేరేలోపే అది ఖాళీ అయ్యేది. పాఠం ఇంగ్లీషులోనే గానీ, తోపులాట మొదలవగానే ఇంటి మాట వచ్చేసేది: "రవంత జరగండబ్బా." మలయాళీ పిల్లలు కూడా జరిగేవాళ్ళు. ఆ నవ్వులు నా గదిలోకి వినపడేవి.

తర్వాత, కుటుంబాలు ఇక్కడ ఉండటానికి కట్టే ఇఖామా పర్మిట్ ఫీజులు పెరిగాయి. చాలామంది తండ్రులు ఇక్కడే ఉండిపోయి, భార్యాపిల్లల్ని ఎగ్జిట్ వీసా మీద శాశ్వతంగా ఇండియా పంపేశారు.

ఆ ఏడాది పాఠం రోజున గోడ అవతల చప్పుడే లేదు. వెళ్ళి చూశాను. మిగిలిన పిల్లలు ఆ బెంచీ మీద ఒకరికొకరు తగలకుండా కూర్చున్నారు.

"రవంత జరగండబ్బా," అంది ఆవిడ, అలవాటుగా.

"జాగ ఉంది గదా మిస్," అంది నిజామాబాద్ పాప.

ఆవిడ ఆ జాగాను కాసేపు చూసి, తనే వెళ్ళి అందులో కూర్చుంది. సీసా చేతులు మారి, సగం నీళ్ళతో ఆవిడ దగ్గరికి వచ్చింది. ఒక గుక్క తాగి, పుస్తకం తెరిచి, జనాభా పెరుగుదల గురించి చదవడం మొదలుపెట్టింది.