రాళ్లగుట్ట మీద అక్కయ్య

ఆన్‌లైన్ ఆటలో ఆటగాళ్లే కట్టుకున్న ఆ నగరంలో తొలి ఇల్లు దర్జీ అక్కయ్యది. మేయరు ఆవిడ సొంత తమ్ముడు. నెలపాటు ఆటలోకి రానివారి ఇల్లు కూల్చి, స్థలం వేరొకరికివ్వాలని సదరు మేయరు శాసనం. అక్కయ్యకేమో స్కూలు యూనిఫారాల సీజను, నెల కావస్తున్నా ఆటలోకి వెళ్లలేదు. మెడలో టేపు, పెదవుల మధ్య గుండుసూదులు, కాలు మిషను మీద. "ఒక్కసారి వచ్చి పో అక్కా, ఇల్లు దక్కుతుంది," అని తమ్ముడు ఫోనులో బతిమాలాడు. ఆవిడ సూదులు తీసి, "నేను కట్టిన ఊళ్లో నేను హాజరు పలకాలట్రా?" అని మళ్లీ పెట్టుకుంది. చట్టం ఎవరికీ చుట్టం కాదు గనుక ఇల్లు కూలింది. మర్నాడు అక్కయ్య ఆటలోకి వచ్చి, నగరం నడిబొడ్డున మిగిలిన ఆ రాళ్లగుట్ట మీద తన బొమ్మను బాసింపట్టు వేయించి కూర్చోబెట్టింది. స్థలం వేరొకరికివ్వాలి, లేవమని తమ్ముడు మళ్లీ ఫోను చేశాడు. "రానివాళ్లని పంపేయడానికి కదరా మీ రూలు? వచ్చి కూర్చున్నవాళ్లని లేపే రూలు రాసుకురండి, అందాకా ఇక్కడే ఉంటాను," అని సూదులు పెదవుల మధ్య పెట్టుకుంది.